శుక్రవారం ఉదయం ఆరుంబావుకు నేను చనిపోయిన వైనం

నేను ఒకసారి చనిపోయాను. మాటవరసకు అనడం లేదు. వారం, వేళ, కారణం సహా చెప్పగలను. ఎందుకంటే ఆ మూడింటినీ నిర్ణయించినవాణ్ణి నేనే. శుక్రవారం, ఉదయం ఆరుంబావు, గుండెపోటు. అంత కచ్చితంగా చనిపోయినవాడు మా వంశంలో మరొకడు లేడు. ఆ కచ్చితత్వమే నా కొంప ముంచింది. ఎలా ముంచిందో చదివి మీరు నవ్వుకోవచ్చు. ఆ రోజుల్లో మాత్రం నాకు నవ్వు కాదు గదా, నిద్ర కూడా రాలేదని ముందుగా మనవి చేస్తున్నాను.

కథ 2009 నాటిది. అప్పటికి నాకు యాభై దాటాయి. గగన్‌పహాడ్‌లో ఒక గోదాములో లెక్కలు చూసేవాణ్ణి. తేదీ లేని మాటను, అంకె లేని వాగ్దానాన్ని నేను నమ్మను. పెళ్ళిచూపుల్లో మా ఆవిడ అన్నపూర్ణను నేను అడిగిన మొదటి ప్రశ్న, "మీ పుట్టిన తేదీకి ఆధారం ఏమిటి?" అని. ఆవిడ ఆ ప్రశ్నను ఇప్పటికీ క్షమించలేదు.

ఇంతటి జాగ్రత్తపరుడు చేసిన పని చూడండి. శంషాబాదుకు విమానాశ్రయం వచ్చింది. విమానాలు ఆకాశంలోకి లేస్తుంటే గజం ధర వాటికన్నా పైకి లేస్తోంది. బజ్జీల బండివాడు కూడా "సార్, ప్లాటు తీసుకున్నరా?" అని అడిగేవాడు. నేనూ తీసుకున్నాను. నా రెండు క్రెడిట్ కార్డులూ గీకి, రెండు లక్షలు తీసి, ఒక వెంచరు వారికి బయానాగా కట్టాను. నెలకు మూడు శాతం వడ్డీ అయితే ఏం, ప్లాటు ఆరు నెలల్లో రెట్టింపు కాదూ? అప్పు చేసి పప్పుకూడు తిన్నవాడికి కనీసం పప్పయినా దక్కుతుంది. అప్పు చేసి ప్లాటు కొన్నవాడికి మిగిలింది పునాది రాళ్ళ మీద మేకలు.

ఎందుకంటే ఆ ఏడాదే రియల్ ఎస్టేటు చల్లబడింది. వెంచరు వారు ఆఫీసుకు తాళం వేసి, ఫోను ఆపివేసి, అదృశ్యమయ్యారు. మా గోదామూ మూతపడింది. జీతం ఆగింది, వడ్డీ ఆగలేదు. అప్పు గడ్డం లాంటిది. మనిషి పడుకున్నా అది పెరుగుతూనే ఉంటుంది.

ఇక ఫోనులు మొదలయ్యాయి. మొదట ఒక అమ్మాయి తేనెలూరే గొంతుతో, "సార్, చిన్న రిమైండర్" అనేది. తరవాత గొంతు మారింది.

"రామశేషయ్యా? ఎప్పుడు కడుతున్నవ్?"

"బాబూ, వచ్చే నెల..."

"వచ్చే నెల ముచ్చట వద్దు. మా మనిషి ఇంటికొస్తడు. గల్లీల నిలబడి మాట్లాడ్తడు. ఇజ్జత్ ఉంటే కట్టు."

వీధి మధ్యలో నిలబడి నా బాకీ అంకెను గట్టిగా చదివే మనిషి. అంకెలంటే ప్రాణమిచ్చే నాకు తొలిసారి ఒక అంకె అంటే భయం పుట్టింది.

మర్నాడు శనివారం. అన్నపూర్ణ దేవుడి ముందు దీపం పెట్టి, పీట మీద నా కార్డులు రెండూ ఉంచి, వంటింటి కత్తెర పట్టుకుంది.

"ఏమిటి నువ్వు చేయబోయేది?"

"కత్తిరిస్తున్నాను. ఇక ఈ ఇంట్లోకి అప్పు రాదు. నా గాజులు అమ్ముదాం, గంజి తాగుదాం. స్వామి దారి చూపుతాడు."

"ఏ తేదీలోపు?"

"ఏమండీ, ఆయన తేదీ వేసి పంపడు. తలుపు తట్టి పంపుతాడు. మనిషిని పంపుతాడు, చూడండి. అంతవరకు అప్పు చేయకూడదు, అబద్ధం ఆడకూడదు. ఒట్టు వేయండి."

ఒట్టు వేశాను. ఒట్టుకు వడ్డీ లేదు కదా అని ధైర్యం. కత్తెర కరకరలాడింది. చిన్నప్పుడు నాకు పుట్టువెంట్రుకలు తీసినప్పుడు కూడా నేను అంత ఏడ్చి ఉండను.

ఆ వారమే బ్యాంకు నుంచి మరో కబురు వచ్చింది. ఫలానా మంగళవారం లోపు ఒకేసారి లక్షా అరవై వేలు కడితే మిగతా బాకీ మాఫీ, లేదంటే కేసు. గాజులు అమ్మితే నలభై వేలు వస్తాయి. మిగిలిన లక్షా ఇరవై వేలు ఎక్కడి నుంచి వస్తాయో స్వామికే తెలియాలి.

పాఠక మహాశయులు ఇక్కడ ఒక్కటి గమనించాలి. మా ఇంటికి ఒక మనిషి వస్తాడని బ్యాంకు చెప్పింది. ఒక మనిషి వస్తాడని మా ఆవిడా చెప్పింది. ఆవిడ తన మనిషి కోసం రోజూ పొద్దున్నే ఆంజనేయస్వామి గుడికి వెళ్ళి ప్రదక్షిణలు మొదలుపెట్టింది. నేను బ్యాంకు మనిషి కోసం మంచం కింద దుప్పటి పరిచాను.

ఏర్పాటు ఇది. అన్నపూర్ణ గుడికి వెళ్తూ బయట తాళం వేస్తుంది. నేను లోపల ఉంటాను. వచ్చినవాడు తాళం చూసి పోతాడు.

"ఇది అబద్ధం కిందికి రాదా?" అంది ఆవిడ.

"తాళం మాట్లాడదు. మాట్లాడనిది అబద్ధం ఎలా ఆడుతుంది?"

ఆవిడ నా ముఖం చూసి నిట్టూర్చి తాళం వేసింది.

మొదటి ఆదివారం వచ్చాడు. బుల్లెట్టు బండి చప్పుడు మా ఇంటి ముందు ఆగగానే నా గుండె అంతకన్నా గట్టిగా కొట్టుకుంది. కిటికీ సందులోంచి చూశాను. ఆరడుగుల మనిషి, నల్ల కళ్ళద్దాలు, చంకలో నల్ల సంచి. వసూలు మనిషి ఎలా ఉంటాడని నేను ఊహించానో అచ్చం అలాగే ఉన్నాడు. దర్జీ కొలత తీసి కుట్టినట్టు. మంచం కిందికి దూరాను. అక్కడ ఒక బొద్దింక ఉంది. అది నన్ను చూసి భయపడలేదు.

బయట మా పక్కింటి యాదమ్మ గొంతు.

"ఎవలు గావాలె?"

"రామశేషయ్య సార్ ఉన్నడా అమ్మా?"

"తాళం కనవడ్తలేదా? ఊరికి పోయిండ్రు."

"ఎప్పుడొస్తరు?"

"నాకేం ఎరుక? ఏం పనుండె?"

"పైసల ముచ్చట. ఆయనతోనే మాట్లాడాలె. మళ్ల వస్త."

పైసల ముచ్చట! ఆ రెండు మాటలు నా చెవిలో సీసం పోసినట్టు దిగాయి. యాదమ్మకు మనసులోనే దండం పెట్టాను. ఆవిడ మా కోసం అడగకుండానే అబద్ధం ఆడింది. ఒట్టు వేసింది మేము కదా, ఆవిడ కాదు.

గుడి నుంచి వచ్చిన అన్నపూర్ణ అడిగింది: "ఎవరో, ఎందుకో కనుక్కోలేకపోయారా?"

"కనుక్కునేంత ధైర్యమే ఉంటే బొద్దింకతో కాపురం ఎందుకు చేస్తాను?"

వారం మధ్యలో మళ్ళీ వచ్చాడు. తాళం చూశాడు, తలుపు రెండుసార్లు తట్టాడు, పోయాడు. మూడోసారి ఆదివారం ఉదయం. ఈసారి పోలేదు, గుమ్మంలో కూర్చున్నాడు. నేను మంచం కింద, ఆయన మెట్టు మీద. మధ్యలో ఒక తలుపు. గోడగడియారం టక్కుటక్కుమంటోంది. సరిగ్గా అప్పుడు, మంచం కింద మూడేళ్ళ దుమ్ము నా ముక్కులోకి పోయింది. ఆపాను. చేత్తో ముక్కు నలిపాను. మనసులో రెండో ఎక్కం నుంచి పదహారో ఎక్కం దాకా చదివాను. పదహారో ఎక్కంలో తుమ్మాను. మామూలు తుమ్ము కాదు. విమానం దిగినట్టు వినపడింది.

"ఎవలు లోపల?"

నేను దుప్పటి మొహం మీదికి లాక్కున్నాను.

"తుమ్ము ఇనబడ్డది. ఎవలు?"

ఇక తప్పలేదు. గొంతు సన్నగా చేసి, "నేను రామశేషయ్య గారి తమ్ముణ్ణి" అన్నాను. నాకు తమ్ముడు లేడు.

"తమ్ముడివా? మరి బయట తాళమేసి నిన్ను లోపల పెట్టిన్రేంది?"

అబద్ధం మొదటి మెట్టు ఎక్కినవాడికి రెండో మెట్టు దానంతటదే కాళ్ళ కిందికి వస్తుంది. "నాకు... కొంచెం మతి స్థిమితం లేదు. బయటికి వదిలితే పారిపోతానని."

"అయ్యో పాపం." గొంతు మెత్తబడింది. "మీ అన్న ఏడి బాబూ?"

"లేడు."

"ఎప్పుడొస్తడు?"

వస్తాడంటే మళ్ళీ వస్తాడు. ఊరికి వెళ్ళాడంటే కూర్చుంటాడు. ఈ మనిషి జన్మలో మళ్ళీ రాకుండా ఉండాలంటే మార్గం ఒక్కటే కనిపించింది.

"రాడు. కాలం చేశాడు."

అంతటితో ఊరుకుని ఉంటే బాగుండేది. కాని ఆయన, "ఎప్పుడు?" అని అడిగాడు. నన్ను, తేదీ అడిగాడు! చేపను ఈత వచ్చా అని అడిగినట్టు.

"మొన్న శుక్రవారం. ఉదయం ఆరుంబావుకు. గుండెపోటు. నొప్పి మొదలైన అయిదో నిమిషంలో."

"యా అల్లా!" అని ఆయన కాసేపు ఏదో సన్నగా చదువుకున్నాడు. "మీ వదిన ఏడికి పోయింది?"

"గు..." అని నాలుక కరుచుకున్నాను. మైలలో ఉన్నవాళ్ళు గుడికి వెళ్ళరు కదా! "గుండె దడగా ఉందని దవాఖానకు."

"శుక్రవారమంటే... పదకొండో దినం రేపు గాక మళ్ల సోమవారం పడ్తది. మంచిది. గా దినం నాడు వస్త. మీ వదినకు చెప్పు. మరువకు బాబూ." బుల్లెట్టు వెళ్ళిపోయింది.

చూశారా? తేదీ చెప్పకుండా చచ్చి ఉంటే పదకొండో రోజును ఎవరు లెక్క వేయగలరు?

అన్నపూర్ణకు చెప్పాను. కోప్పడుతుందనుకున్నాను. ఆవిడ కోప్పడలేదు. చెయ్యి మెల్లగా మెడలోని పుస్తెల మీదికి వెళ్ళి, అక్కడే ఆగిపోయింది.

"అప్పు గురించి అబద్ధం ఆడవద్దన్నాను. మీరు నా పసుపుకుంకుమల మీద ఆడారు. పైన తథాస్తు దేవతలు తిరుగుతుంటారండీ."

నేను అంకెల మనిషిని. తథాస్తు దేవతల సంఖ్య, సంచార వేళలు ఎక్కడా నమోదు కాలేదు. అయినా ఆ సాయంత్రం ఎడమవైపు సన్నగా నొప్పి మొదలైంది. నాడి చూసుకున్నాను, తొంభై ఆరు. మళ్ళీ చూశాను, నూట నాలుగు. చూసిన కొద్దీ పెరిగింది. కావాలంటే మీరూ ప్రయత్నించండి. మర్నాడు ఆరుంబావుకు లేచి కూర్చుని, ఆరూ ఇరవై అయ్యాక గాని ఊపిరి పీల్చలేదు. ఆ తరవాత ప్రతి ఉదయం అదే వరస. మనిషి చావుకు భయపడడం మామూలే. అయిపోయిన చావుకు భయపడినవాణ్ణి నేనొక్కణ్ణే.

అబద్ధం ఆడిన మర్నాడే, సోమవారం, పెరట్లో బనీను ఆరవేస్తుంటే గోడ అవతలి నుంచి యాదమ్మ కెవ్వుమంది.

"ఓ నాయనో! సారూ! గా బుల్లెట్టాయన చెప్పిండని నువ్వు పోయినవంటున్నరు గదా, హోటల్ కాడ!"

"ఆ సంగతి నాకు తెలుసమ్మా. మెల్లగా."

"మరి గిట్ల బనీను ఆరేస్తున్నవేంది?"

ఆవిడకు అంతా చెప్పాను. కొంగు నోట్లో కుక్కుకుని నవ్వింది. తరవాత, "సారూ, చచ్చినోడివి జర గడ్డమన్న గీకకు" అని సలహా ఇచ్చింది.

వారం గడిచింది. పదకొండో దినం సోమవారం. బ్యాంకు గడువు మర్నాడు మంగళవారం. గాజులు అమ్మిన నలభై వేలు ఇంట్లో ఉన్నాయి. మిగతా లక్షా ఇరవై వేల జాడ లేదు. సోమవారం పొద్దున అన్నపూర్ణ గుడికి బయలుదేరుతూ తాళం కప్పను నా చేతిలో పెట్టింది.

"ఈ రోజు వేయను. తలుపు తీసే ఉంచుతాను. వచ్చినవారి ఎదుట నిలబడి ఉన్న మాట చెప్పండి. చావడం మీకు చేతనైంది కదా, బతికి చూపించండి."

వెళ్ళిపోయింది. తెరిచిన తలుపు ముందు నేను ఒంటరిగా నిలబడ్డాను. పులి బోనులో మేకను కడతారని విన్నాను. మేక తనంతట తాను వెళ్ళి కట్టుకోవడం అదే మొదటిసారి.

బుల్లెట్టు వచ్చింది. వెనక ఆటోలో మరో ఇద్దరు పెద్దమనుషులు దిగారు. నల్ల సంచి ఆయన చంకలోనే ఉంది. రెండో చేతిలో బంతిపూల దండ. లోపలికి వచ్చి గోడలు నాలుగూ కలియజూశాడు. నా ఫోటో కోసం.

నేను చేతులు జోడించాను. "అయ్యా, నేను చనిపోలేదు. రామశేషయ్యను నేనే. మీ బ్యాంకుకు భయపడి అలా చెప్పాను. కేసు పెట్టండి, గల్లీలో అరవండి, ఏం చేసినా సరే."

ఆయన నల్ల కళ్ళద్దాలు తీశాడు. లోపల ఉన్నవి చాలా మెత్తని కళ్ళు. పక్కవారి వైపు తిరిగి, "గీ పిలగాడే" అన్నాడు. యాభై దాటిన నేను, పిలగాణ్ణి! "చెప్పిన గదా, మతి లేదని. అన్న పోయిన రంధిల ఇంకింత ముదిరింది. ఏ బ్యాంకు, బాబూ? నేను ఖాజా మియాను. ప్లాట్ల భూమి నాది. మీ అన్న పేరు కాయితంల చూసుడే గని, మనిషిని ఎన్నడు చూడలే. మీ అన్న కట్టిన బయానల నా హిస్సా లక్షా డెబ్బై వేలు నా తాన్నే ఉండె. వెంచరోళ్ళు పారిపోయిన్రు, నా భూమి నాకే మిగిలింది. ఇగ గా పైసలు నాకు హరామ్ గాదా? తిరిగిద్దామని మూడుసార్లొచ్చిన."

మంచం కింద నుంచి నేను తరిమింది ఎవరిని! చేతులు చాచాను. "ఇవ్వండి! అవి నావే!"

ఖాజా మియా సంచిని గుండెకు హత్తుకుని రెండడుగులు వెనక్కి వేశాడు. "నీకెట్ల ఇస్త బాబూ? మీ వదినను రానీ."

"నేనే రామశేషయ్యను!"

"నీ నోటితోనే చెప్పినవ్, శుక్రవారం ఆరుంబావుకు పోయిండని. నిమిషంతో సహా చెప్పినవ్. అబద్ధమాడేటోడు నిమిషాలు చెప్తడా?"

జన్మలో ఒక్కసారి నా అంకెలను ఒక మనిషి సంపూర్ణంగా నమ్మాడు.

పరుగెత్తి రేషను కార్డు తెచ్చాను. "గిది మీ అన్నది." ఓటరు కార్డు తెచ్చాను. ఫోటో చూసి, "అన్నదమ్ములు ఒక్క తీరుగనే ఉంటరు" అన్నాడు ఒక పెద్దమనిషి. జీతం కాగితాలు, పదో తరగతి సర్టిఫికెట్టు, మశూచి టీకా చీటీ దాకా తెచ్చి పరిచాను. అవన్నీ నేను పుట్టాననీ, చదివాననీ, టీకా వేయించుకున్నాననీ రుజువు చేశాయి. ఇంకా ఉన్నానని చెప్పే కాగితం ఒక్కటీ లేదు. పైగా ఖాజా మియా తన వద్దనున్న ఒప్పందం తీసి, నేనే పట్టుబట్టి రాయించిన షరతు చదివించాడు: కొనుగోలుదారు మరణించిన పక్షంలో మరణ ధ్రువపత్రం చూపిన వారసులకే సొమ్ము చెల్లించవలెను.

"సర్టిఫికెట్ తీస్కొని మీ వదినను పంపు. నెల పట్టినా పర్వాలేదు. పైసలు యాడికి పోవు."

నెల! గడువు రేపు! గోడ మీదుగా యాదమ్మను కేకేశాను. ఆవిడ వచ్చి, "అన్నా, సారు గీయననే. నా మీద ఒట్టు" అంది.

"నువ్వు మొదాలు ఊరికి పోయిండన్నవ్ గదమ్మా?"

మా వీధిలో నిజం చెప్పడానికి పనికివచ్చే నోరు ఒక్కటీ మిగలలేదు. ఖాజా మియా దండను నా కార్డుల పక్కన పెట్టి, బయటికి అడుగు వేశాడు. నాకు నిజంగానే గుండె ఆగినట్టయింది. నేను చెప్పిన కారణం పది రోజులు ఆలస్యంగా నిజం కాబోతోందనుకున్నాను.

అప్పుడే గుమ్మంలోకి అన్నపూర్ణ వచ్చింది. చేతిలో కొబ్బరిచిప్ప. తలలో మల్లెపూలు. నుదుట గుడిలో పెట్టిన కుంకుమ, రూపాయి కాసంత, ఎర్రగా. మెడలో పసుపుతాడు. చేతికి బంగారం లేదు. మట్టిగాజులు మాత్రం నిండుగా ఉన్నాయి.

పదకొండో దినాన అలా గుమ్మంలో నిలబడిన ఆడమనిషిని చూసి ముగ్గురూ ఆగిపోయారు.

"ఎవరండీ వీరు?" అంది నాతో.

ఖాజా మియా ఆ బొట్టు వైపు ఒక్క క్షణం చూసి, తల దించుకున్నాడు. ఏ కాగితమూ అడగలేదు. సంచి విప్పి ఆవిడ ముందు పీట మీద పెట్టాడు. "ఇగ సాలు అక్కా. సార్ బతికిండు."

ఆవిడకు విషయం తెలియడానికి రెండు నిమిషాలు పట్టింది. తెలిశాక నా వైపు తిరిగి నెమ్మదిగా అంది: "తలుపు తట్టి పంపుతాడన్నానా? మూడుసార్లు తట్టించాడండీ స్వామి. మీరు బొద్దింకతో ఉన్నారు."

దినానికని వచ్చినవారిని ఉత్త కడుపుతో పంపకూడదు. అన్నపూర్ణ పప్పు, పులిహోర చేసింది. నా పదకొండో దినం భోజనం నేనే వడ్డించాను. ఆ భాగ్యం ఎందరికి దక్కుతుంది? బంతిపూల దండ ఆంజనేయస్వామి మెడలోకి వెళ్ళింది. మంగళవారం బ్యాంకులో లక్షా అరవై వేలు కట్టి రసీదు తీసుకున్నాను. అన్నపూర్ణ తన గాజులు తాను తిరిగి కొనుక్కుంది. మా ఇంట్లోకి కార్డు ఇప్పటికీ రాలేదు. తలుపు తట్టగానే తీసేది నేనే.

ఖాజా మియా చేయి కడుక్కుంటూ అన్న మాట మాత్రం మరువలేను. "సార్, ఒక్క మాట. మూడోసారి తాళం చూసి, ఇగ మళ్ల రావద్దు, గీ పైసలతోని ట్రాక్టర్ రిపేర్ చేయించుకుందామనుకున్న. మీరు పోయిండ్రని ఇన్నంక భయమైంది. బతికినోడి బాకీ ఆపొచ్చు గని, చచ్చినోడి బాకీ ఉంచుకోవద్దు. మీరు చచ్చుడే మంచిదైంది!"

అన్నపూర్ణ ఆ మాటకు నవ్వలేదు. నేనూ నవ్వలేదు. గడియారం వైపు చూశాను.

కనుక సమస్త పాఠకుల సమక్షంలో, ఆంజనేయస్వామి సాక్షిగా ప్రతిజ్ఞ చేస్తున్నాను. ఇకమీదట నేను చనిపోయినప్పుడు ఆ వారం, వేళ, కారణం నా నోటితో ఎవరికీ చెప్పను. ఆ ఒక్క అంకె మాత్రం ఇతరులు వేసుకోవలసిందే.